బావి తిరిగి ఊరేవేళ

మోటారు ఆగాక బావి కొంతసేపు అలసిన మనిషిలాగే ఉంది. గోడరాళ్ల సందుల్లోంచి నీటిబొట్లు ఒకటొకటి జారి పడుతున్నాయి, అడుగున మిగిలిన మడుగులో ఆ చప్పుడు ఓసారి చెవి పక్కనే, ఓసారి ఎక్కడో పాతాళంలో అన్నట్టు వినబడుతోంది, తడిసిన మొరం వాసన, నాచు వాసన, పావురాల రెట్ట వాసన అన్నీ కలిసి పైకి లేస్తున్నాయి. బావి యజమానురాలు వజ్రమ్మ మడిచి వేసిన గోనెసంచి మీద, బావి గట్టున కూర్చుని, భానుప్రకాశ్ ఆ వాసనను గుండెనిండా పీల్చుకున్నాడు. ఆ సంచి ఆయన అడగలేదు. రాయి కాలుతుందని ఆమెకే తోచి తడిపి, పిండి, పరిచి పోయింది. అడగకుండా వచ్చేవాటిని పడుకోబోయే ముందు ఒకసారి తలుచుకోవడం ఈమధ్య ఆయనకు అలవాటైంది. బస్సులో ఎవరో తెలియని పిల్ల లేచి కిటికీ పక్కన చోటివ్వడం, ఇస్త్రీ అతను ఊడిన గుండీ తానే కుట్టించి పంపడం, ఇవాళ ఈ తడి గోనెసంచి. ఇంట్లో చెప్పుకోవడానికి మనిషి లేనప్పుడు ఇలాంటివి మనసులో పేరుకుపోతాయి, అప్పుడప్పుడూ తీసి చూసుకోకపోతే బూజు పడతాయి.

పని ఒక్కటే, కూర్చోవడం. చేతిలో చక్రానికి చుట్టిన పొడవాటి టేపు, దాని కొసన వేలెడంత ఇత్తడి ముక్క. బావిలోకి వదులుతూ పోతే అది నీటిని తాకిన క్షణాన చక్రం కుయ్‌మంటుంది, అప్పుడు గట్టు అంచు దగ్గర టేపు మీద ఎంతుందో చూసి రాయాలి, కాసేపు ఆగి మళ్లీ దించాలి, మళ్లీ రాయాలి. నీళ్లు పైకి వస్తున్నకొద్దీ అంకె తగ్గుతూ ఉంటుంది. పొద్దుటినుంచీ తోడిపోసిందంతా తిరిగి నింపడానికి కింది బండకు ఎంతసేపు పడుతుందో చూస్తే, ఆ బండది పెట్టే చెయ్యో పిసినారి చెయ్యో తెలిసిపోతుందని ప్రాజెక్టు గైడు అనం మేడం మొదటి పాఠంలోనే చెప్పింది. అత్వెల్లి చుట్టుపక్కల భూగర్భజలాల మీద ఆయన చేస్తున్న ప్రాజెక్టులో పటాలు, పాత లెక్కలు, రాళ్ల వర్ణనలు అన్నీ అయిపోయాయి. సొంతంగా కొలిచి రాయవలసిన అధ్యాయం ఇదొక్కటే మిగిలింది, దానికి దొరికిన రోజూ ఇదొక్కటే. రేపటినుంచి వజ్రమ్మ రెండో పక్క మడులకు నీళ్లు పెట్టుకోవాలి, శామీర్‌పేట వైపు ఆకాశం అప్పుడే నల్లబడుతోంది, ఒక్క వాన పడిందంటే బావి మట్టం మారిపోయి ఎండాకాలపు లెక్క ఇక దొరకదు, వచ్చేవారం ప్రాజెక్టు అప్పగించాలి. ఈ గంట చెడితే ఎమ్మెస్సీ చెడినట్టే. అరవై దాటిన విద్యార్థికి మరో ఎండాకాలం దాకా ఆగే ఓపిక ఉంటుందో లేదో ఆయనకే తెలియదు.

కుయ్‌మంది. రాశాడు.

"నీ పిట్ట మంచిగ కూస్తాంది సారూ," అంది వజ్రమ్మ, వేపచెట్టు నీడన కాళ్లు చాపుకుని పాలకూర కట్టలు కడుతూ. "గుడ్లు గిట్ల పెడ్తదా?"

"పెడితే మొదటిది మీకేనమ్మా."

"గట్లయితే ఇంకో గోనెసంచి ఇస్త, పొదిగెయ్యి," అని ఆమె తన మాటకు తానే నవ్వుకుంది.

కుయ్‌. అంకె తగ్గింది. మళ్లీ తగ్గింది, మొదట గబగబా, తర్వాత కొంచెం నిదానంగా, ఆ తర్వాత ఇంకా నిదానంగా, ఆకలి తీరుతున్న మనిషి ముద్దకూ ముద్దకూ మధ్య ఆగినట్టు. ఈ వరస ఆయనకు కొత్త కాదు. నిజానికి ఈ ప్రపంచంలో ఆయనకు దీనికన్నా బాగా తెలిసిన వరస ఇంకొకటి లేదు, ఎందుకంటే సర్వీసంతా ఆయన చేసింది ఇలాంటి వరసలను టైపు కొట్టడమే. డిగ్రీలో భూగర్భశాస్త్రం చదివినవాడు భూగర్భజలాల కార్యాలయంలో టైపిస్టుగా చేరితే, వంటల పుస్తకం చదివి హోటల్లో బిల్లులు రాసినట్టుంటుంది. బూట్లకు ఎర్రమట్టితో, చెమట మరకల చొక్కాలతో క్షేత్రం నుంచి తిరిగొచ్చిన వాళ్లు కాగితాలు ఆయన బల్ల మీద పడేసేవారు, ఆ కాగితాల్లోంచి కొంచెం దుమ్ము రాలేది, ఆ దుమ్మును ఆయన తుడిచేవాడు కాదు, అది ఏ ఊరిదో ఊహించుకుంటూ టైపు కొట్టేవాడు. ముందు మిషను మీద, తర్వాత కంప్యూటరు మీద. వేళ్లకు వచ్చేసింది. తొమ్మిదింబావు మీటర్ల దగ్గర మొదలైతే తర్వాత ఎంత రావాలో, ఆపైన ఎంత రావాలో, కళ్లు మూసుకుని కొట్టేయగలడు. లావుపాటి అధికారి ఒకాయన ఉండేవాడు, మంచివాడే, పండక్కి అందరికీ స్వీట్లు పంచేవాడు, ఎండలో తిరగడమంటే గిట్టేది కాదు. కుర్చీలో వెనక్కి వాలి, "మొదటి రెండూ రాస్కో భానూ, కడమది నువ్వే తగ్గించుకుంట పో, నీకు తెల్వంది ఏముంది," అనేవాడు. తగ్గించుకుంటూ పోయేవాడు. బావి ఊరేది కాగితం మీద, ఎంతో చక్కగా, ఒక్క కుదుపు లేకుండా.

ఆ కాగితం ఒకటి ఓసారి పొరపాటున టిఫిన్ సంచిలో ఇంటికొస్తే రోజారాణి పొయ్యి ముందు నిలబడి చదివింది. రోజారాణి, ఆయన భార్య, ఏ కాగితం దొరికినా చదివేది, పల్లీల పొట్లం కాగితం కూడా. "గీ బాయి నువ్వు సూసినవా?" అని అడిగింది. లేదన్నాడు. "మరి గీ నీళ్లు?" అవీ చూడలేదన్నాడు. ఆమె గరిటె పక్కన పెట్టి ఆయన మొహంలోకి చూసింది, కోపంగా కాదు, కొత్తగా వచ్చిన చుట్టాన్ని చూసినట్టు. "పెండ్లిపత్రికలు అచ్చేసేటోడు ఒక్క పెండ్లికన్న పోవాలె గదయ్యా," అంది. ఆ మాటకు ఇద్దరూ ఎంత నవ్వారంటే పప్పు అడుగంటింది. కుయ్. రాశాడు. పప్పు అంటే గుర్తొచ్చింది, నీళ్ల సంగతిలో ఆ కార్యాలయం మొత్తానికన్నా ఆమె మాటే ఆయనకు ఎక్కువ. బదిలీ మీద ఏ ఊరు పోయినా సామాను విప్పకముందే గుప్పెడు కందిపప్పు పొయ్యి మీద వేసేది. మెత్తగా ఉడికిందా, ఈ ఊళ్లో ఉండొచ్చు. ఉడకలేదా, "ఇగ మనం పెసరపప్పు మీద బతకాల్నన్నట్టు," అని తేల్చేది. ఒక ఊళ్లో మాత్రం ఎంతసేపటికీ పప్పు గులకరాళ్లలాగే ఉండిపోతే, పక్కింటామె పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి రోజూ రెండు బిందెలు వేరే బావి నీళ్లు పోసిపోయేది. పేరు సాలమ్మ. ఆమె మొహం ఇప్పుడు గుర్తు లేదు, బిందె కింద పెట్టినప్పుడు ఆమె గాజుల చప్పుడు మాత్రం గుర్తుంది. ఇలాంటివాళ్లంతా ఎక్కడుంటారు, వాళ్లకు తెలుసా తమను ఒకడు ఇన్నేళ్ల తర్వాత అత్వెల్లిలో బావి గట్టు మీద కూర్చుని తలుచుకుంటున్నాడని. టేపు దించాడు, రాశాడు.

గాలి మారింది. వాన వాసన కాదు, ఇంకా కాదు, ఎక్కడో దూరాన ఎవరి పొలమో తడుస్తున్నప్పటి చల్లదనం. గట్టు అవతల తంగేడు పొదల వెనక నుంచి పక్క పొలం మజీదా వాళ్ల కోడి ఒకటి పిల్లలతో వచ్చి పాలకూర మడి అంచున గీరుతోంది. వజ్రమ్మ చూసి కూడా అదిలించలేదు. పొద్దున మజీదాయే స్టీలు క్యానులో చాయ్ పంపింది. ఆమె పెనిమిటి జలాల్ స్వయంగా తెచ్చాడు. గట్టు అవతలి రెండెకరాలు వాళ్లవి, మధ్యలో బోరు. పక్క మోటార్లు నడిస్తే ఈ బావి లెక్క చెడుతుంది, అందుకని భానుప్రకాశ్ మొహమాటపడుతూనే అడిగాడు, సాయంత్రం దాకా మోటారు వేయొద్దని. జలాల్ అక్కడికక్కడే పోయి ఎర్ర మీట నొక్కి ఆపి వచ్చాడు. "నేను ముట్ట సారూ, జబాన్ ఇస్తున్న. పరేషాన్ గాకు, మంచిగ సదువుకో," అన్నాడు. మంచిగా చదువుకో అని తనకు ఎవరైనా చెప్పి ఎన్నేళ్లయింది! చిన్నప్పుడు నాయిన చెప్పేవాడు, ఆ తర్వాత రోజారాణి, ఆసుపత్రిలో. ఆ మధ్యాహ్నం, ఫ్యాను కిర్రుమంటుంటే, ఆయాపని చేసే పిల్ల తన పని కాకపోయినా ఆమె తల దువ్వి జడ వేసి వెళ్లింది. ఆ సన్నటి జడను ముందుకు వేసుకుని రోజారాణి సీసా నీళ్లు ఒక గుక్క తాగి, "గిది ఏ ఊరి నీళ్లయ్యా?" అంది. సీసా నీళ్లకు ఊరుండదన్నాడు. "పాపం," అంది, నీళ్లను చూసి. తర్వాత కాసేపటికి, "నువ్వు రాసిన బాయిలల్ల ఒక్కటన్న సూసిరా. సదువుకోనన్న సదువుకో. నేను లేనని ఇంట్ల గూసోకు," అంది. ఇంట్లో ఆయన సగంలో ఆపిన పనులెన్నో ఆమెకు తెలుసు, సగం రంగు వేసిన కిటికీ, సగం నేర్చుకున్న హార్మోనియం, వాటిని ఆమె ఎన్నడూ దెప్పలేదు, దుమ్ము మాత్రం తుడిచేది. చెయ్యి రాసింది. ఆమె చెయ్యి పట్టుకుంటే వెచ్చగానే ఉంది, మణికట్టు దగ్గర నాడి నిదానంగా, ఇంకా నిదానంగా, ఆకలి తీరిన మనిషి ముద్దకూ ముద్దకూ మధ్య ఆగినట్టు. చెయ్యి రాసింది. బండకూ అలసట ఉంటుందా, మేడంను అడగాలి, నవ్వుతుంది. మొదటి రోజు డిపార్టుమెంటులో ఎవరో చాయ్ కప్పు తెచ్చి గైడు అనుకుని ఈయన ముందు పెట్టి, మేడంను "నువ్వు బయట గూసో బిడ్డా" అంటే, ఆమె కిక్కురుమనకుండా బయట బెంచీ మీద కూర్చుని, ఆ తర్వాత తలుపు తోసుకుని వచ్చి, "సర్, నన్ను లోపలికి రమ్మంటారా?" అంది. ఆమెకు ముప్పైనాలుగేళ్లు ఉంటాయేమో. రాయి కొట్టేటప్పుడు మొహం పక్కకు తిప్పమని చెప్పింది, ఆయన కళ్లజోడు కొత్తది అని కూడా గమనించింది. గుట్ట ఎక్కేటప్పుడు ఆయన ఆయాసపడితే తనకే అలసట వచ్చినట్టు కూర్చునేది. చెయ్యి రాసింది.

"ఏంది సారూ, పిట్ట కూస్తలేదు? నిద్రవోయినవా?"

భానుప్రకాశ్ తలెత్తాడు. వజ్రమ్మ కట్టలన్నీ కట్టేసి గంపలో పేర్చి, తడిబట్ట కప్పుతోంది. ఆయన తన చేతిలో చక్రాన్ని చూసుకున్నాడు. టేపు బావిలోకి దిగి ఉంది, కదలకుండా, కొసన ఇత్తడిముక్క నీటికి పైన గాలిలో వేలాడుతోంది. ఒడిలో పుస్తకంలో మాత్రం అంకెలు బుద్ధిగా ఒకదాని కింద ఒకటి తగ్గుకుంటూ పోయాయి, చివరిది ఇంకా సిరా తడిగానే ఉంది.

టేపును వదిలాడు. తాను రాసిన అంకె వచ్చింది, దాటింది, చప్పుడు లేదు. ఇంకా వదిలాడు. బెత్తెడు కిందికి పోయాక అప్పుడు కుయ్‌మంది. చదవడంలో తప్పు జరిగిందేమోనని పైకి లాగి మళ్లీ దించాడు. ఇంకో వేలెడు కిందికి పోయాక గానీ మోగలేదు. బావి ఊరడం లేదు. దిగుతోంది. పుస్తకంలో బావి మాత్రం ఎంతో చక్కగా, ఒక్క కుదుపు లేకుండా, ఊరుతూనే ఉంది.

చివరివి రెండా, మూడా? ఏవి చూసి రాశాడు, ఏవి వేళ్లు రాశాయి? కోడిపిల్లల్ని చూస్తున్నప్పటిది? జడ అప్పటిది? ఎంత వెదికినా ఆ అంకెల మొహంలో తేడా లేదు, అన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి. ఎవరూ చూడలేదు. ఎవరూ అడగరు కూడా. ఇలాగే కొనసాగించి రాసుకుపోతే సాయంత్రానికి అధ్యాయం అయిపోతుంది, మేడం మెచ్చుకుంటుంది, అంత అందమైన వరస ఏ విద్యార్థీ తెచ్చి ఉండడు. కుర్చీలో వెనక్కి వాలిన ఆ మంచి మనిషి గొంతు ఎంతో ప్రేమగా, నీకు తెల్వంది ఏముంది భానూ, అంటున్నట్టే ఉంది. నిజమే, తెలియనిది ఏమీ లేదు. ఒక్క బావి కూడా చూడకుండా అన్ని బావులూ తెలిసిపోయాయి, అదే కదా వచ్చిన చిక్కు, అది వదిలించుకోవడానికే కదా ఈ వయసులో సంచీ భుజాన వేసుకుని పిల్లల పక్కన బెంచీ మీద కూర్చున్నది, ఇంత దూరం వచ్చి, నిజం బావి గట్టు మీద కూర్చుని కూడా మళ్లీ టైపే కొట్టాడు. ఫోను తీశాడు. తొందరలో రెండుసార్లు వేరేవాళ్లకు పోయింది.

"మేడం, నేను చూడకుండా రాసిన."

అవతల పేపర్లు దిద్దుతున్న చప్పుడు ఆగింది. "ఎన్ని సర్?"

"తెల్వదు మేడం. రెండో, మూడో. మనసు ఎటో పోయింది."

ఆమె ఏమంటుందోనని ఆయనకు బడిలో గోడకుర్చీ వేసిన రోజులన్నీ గుర్తొచ్చాయి. "చెరిపేయలేదు కదా? చెరపకండి," అంది అనం. "అనుమానం ఉన్నవాటి మీద ఒక్కొక్క గీత. కింది అంకె కనబడాలి. పక్కన 'చూడలేదు' అని రాయండి."

"అట్లనే రాయాల్నా?"

"అట్లనే. నేను కూడా ఓసారి రాశాను, గుట్ట మీద నిద్రపోయి. ఇప్పుడు మట్టం ఎంతుంది?"

చెప్పాడు. "దిగుతోందా?" ఆమె గొంతు మారింది. "ఊరే బావి ఎందుకు దిగుతుంది సర్? చుట్టూ మోటార్లు?"

అప్పుడు విన్నాడు. ఇంతసేపూ తుమ్మెద రొద అనుకున్నది తుమ్మెద కాదు. తంగేడు పొదల అవతల జలాల్ బోరు మోటారు నడుస్తోంది. పైపు నోట్లోంచి నీళ్లు తొట్టిలో పడుతున్న చప్పుడు కూడా ఇప్పుడు స్పష్టంగా వినబడింది. వజ్రమ్మ అప్పటికే నడుము మీద చెయ్యేసుకుని తన ఫోనులో అరుస్తోంది. "ఏమయ్యా జలాల్ భాయ్, సారుకు జబాన్ ఇచ్చి మోటరేసినవేంది?"

"అల్లా కసం అక్కా!" ఫోనులోంచి జలాల్ గొంతు బావిదాకా వినబడింది. "నేను మేడ్చల్ల ఉన్న, ముట్టనే లేదు. కరెంటు వొయ్యొచ్చిందా ఏంది?"

"ఇందాక జరసేపు వొయ్యిందిలే."

"ఇంకేంది మరి! మోటరుకు ఆటో స్టార్టరు ఉన్నది గదా, కరెంటొస్తే దానంతట అదే స్టార్టయితది. సారు నన్ను ఎయ్యొద్దన్నడు గని దానికి జెప్పలే!"

వజ్రమ్మకు నవ్వాగలేదు. భానుప్రకాశ్‌కూ నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లతో పాటు. వజ్రమ్మ మోటారుకు ఆటో ఉందని దాని ఫ్యూజు పీకించి మరీ కూర్చున్నాడు, గట్టు అవతలిదానికి కూడా అదే బుద్ధి ఉంటుందని తోచలేదు. విషయం మేడంకు చెప్పాడు. "బావి ఊరే లెక్క, రికవరీ, పోయింది సర్," అందామె, మెత్తగా కానీ దాచకుండా. "ఇప్పుడు ఆపించినా మనం అనుకున్న లెక్క రాదు. అధ్యాయం వేరేగా రాయాల్సి ఉంటుంది, వారంలో అవుతుందో లేదో నేను చెప్పలేను. ఆపిస్తారా, నడవనిస్తారా? బావి దగ్గర ఉన్నది మీరు. చూసి చెప్పండి." చూసి చెప్పండి. అంత చదువుకున్నామె, తన గైడు, తనకంటే ఎంతో తెలిసినామె, ఇక్కడ లేనందున తనకు తెలియదని ఒప్పుకుని ఫోను పట్టుకుని ఆగింది. ఆయన సర్వీసులో ఎవరూ ఆయన్ని ఏదీ చూసి చెప్పమనలేదు.

"ఉరికిపోయి బందు జేసొస్త సారూ," అని వజ్రమ్మ చీరకుచ్చెళ్లు ఎగదోపింది.

"వద్దమ్మా. నడవనియ్యి," అన్నాడు. అన్న తర్వాత గానీ ఆ మాట తన నోటిదేనని తెలియలేదు.

ఆ మోటారు నీళ్లు తోడుతుంటే ఈ బావి ఎందుకు దిగుతోందో, ఎంత దిగుతుందో, ఎక్కడ ఆగుతుందో, ఇలాంటి పేజీ ఆయన ఎన్నడూ కొట్టలేదు. ఇందులో తర్వాత రావలసిన అంకె ఆయన వేళ్లకు తెలియదు. అనుమానమున్న మూడింటి మీదా మూడు గీతలు గీశాడు, కింది అంకెలు కనబడేలా, పక్కన 'చూడలేదు' అని మూడుసార్లు రాశాడు. తన చేతిరాత ఇంత పెద్దగా ఉంటుందని ఆయనకు ఇన్నాళ్లూ గుర్తే లేదు. ఫోనులో మేడం, "లైన్లోనే ఉంటాను, మీరు కానివ్వండి," అని మళ్లీ పేపర్లు దిద్దుకుంటోంది, ఎర్రసిరా పెన్ను గీసిన చప్పుడు సన్నగా తోడుగా వస్తోంది.

వజ్రమ్మ వచ్చి గట్టు మీద మోచేతులు ఆనించి లోపలికి తొంగిచూసింది. "అయితే మా బాయి నీళ్లు వాని బోర్లకు వోతున్నయా?"

"బండ కింద పగులు ఒకటే ఉన్నట్టుందమ్మా. ఇటు మీరు, అటు వాళ్లు, దానిమీదనే ఉన్నరు."

"పోయిన ఎండకాలం బాయి అడుగంటితే మజీదా రోజు పది బిందెలు ఇచ్చె మాకు. నేను దండం బెడ్తి, ఖర్జూరాలు గొనిస్తి." ఆమె బుగ్గలు ఉబ్బాయి. "మా నీళ్లు మాకే ఇచ్చి ఖర్జూరాలు దిన్నదన్నట్టు! రానీ, సాయంత్రం రానీ దాన్ని." మోటారు హోరు మీదుగా వినబడదని తెలిసీ తంగేడు పొదల వైపు ఒక కేక పెట్టింది, "మజీదా! నా ఖర్జూరాలు!" ఆ తర్వాత నవ్వు తుడుచుకుని, ఆయన పక్కనే గట్టు మీద కూర్చుంది, ఇంకెక్కడికీ పోయే పని లేనట్టు. శామీర్‌పేట వైపు ఒకసారి మెరిసింది, ఉరుము మాత్రం రాలేదు. భానుప్రకాశ్ టేపును వదలడం మొదలుపెట్టాడు, ముందుకు వంగి, ఇత్తడిముక్క చీకట్లోకి దిగడాన్ని కళ్లతో పట్టుకుని.

"ఇప్పుడు ఎంతుంది సారూ?" అంది వజ్రమ్మ.

"తెల్వదమ్మా," అన్నాడు, చెవి బావికి ఆనించినంత పనిచేసి. "సూడాలె."